విప్పేసిన వరసలు

నాకు ఏదో తేడాగా ఉందని మొదట అనిపించింది ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక, మా అమ్మాయి కోసం అల్లుతున్న శాలువాను మంచం మీద పరిచి చూసుకున్నాను. అంచు తిన్నగా లేదు. రెండు మూడు చోట్ల మెట్లు పడ్డట్టు లోపలికి వెళ్ళిపోయి ఉంది. తొమ్మిదో ఏట నుంచి క్రోషా సూది పట్టిన చేయి నాది. నలభై ఏళ్ళలో అలాంటి అంచు ఎప్పుడూ రాలేదు. ముందు నవ్వొచ్చింది. "ధ్యాసంతా సీరియల్ మీద పెడితే ఇలాగే తగలడుతుంది" అని నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు పడ్డ చోటిదాకా విప్పేసి, ఊలు మళ్ళీ ఉండ చుట్టేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇందులో చెప్పడానికేముంది?

అలా విప్పేయడమే నేను చేసిన పెద్ద పొరపాటని నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఆ నాలుగు నెలలూ, ఆ తర్వాతి ఏడాదీ నేను పడ్డ భయం మీలో ఒక్కరికైనా తప్పుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మాది విజయవాడ, కానూరు. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డుంది. మాకు ఒక్కతే కూతురు, శ్రావణి. బందరు వైపు రొయ్యల్ని గడ్డకట్టించి ప్యాక్ చేసే ప్లాంటులో, ల్యాబ్‌లో పని చేస్తుంది. ఆ ప్లాంటులో ఎప్పుడూ చలేనట. "వేళ్ళు కొంకర్లు పోతున్నాయమ్మా. హాస్టల్‌కి వచ్చి రెండు దుప్పట్లు కప్పుకున్నా ఒణుకు వదలట్లా" అని ఫోన్లో అంది. అదిగో, అప్పుడు మొదలుపెట్టాను ఈ శాలువా. ఏళ్ళ తరబడి మిగిలిపోయిన ఊలు ఉండలన్నీ అటక మీంచి దింపాను. కనకాంబరం రంగు, నెమలికంఠం, వంకాయ రంగు, చిలకపచ్చ, పసుపు. పక్కింటి వరలక్ష్మిగారు గుమ్మంలోంచే చూసి, "బెజవాడ ఎండకి శాలువా ఏంటండీ సత్యవతిగారూ, ఎవర్ని ఉడకబెడదామని?" అని నవ్వారు.

దాన్ని ఐమూలగా అల్లుతున్నాను. ఇది కొంచెం చెప్పాలి, చెప్పకపోతే నా జబ్బు సంగతి అర్థం కాదు. మామూలు శాలువా అయితే వెడల్పు ఎంతో అంత గొలుసు కుట్టు, అదే చైను, వేసుకుని తిన్నగా అల్లుకుపోతాం. ఐమూలగా అయితే ఒక మూల దగ్గర మూడే కుట్లతో మొదలుపెడతాం. వరసకొకటి చొప్పున పెంచుతూ పోతే త్రికోణంలా విచ్చుకుంటుంది. కావలసిన వెడల్పు వచ్చాక, ఒక అంచున ఒక కుట్టు పెంచుతూ, రెండో అంచున ఒక కుట్టు తగ్గిస్తూ పోవాలి. అప్పుడు కుట్ల లెక్క మారదు, రంగుల చారలు మాత్రం ఏటవాలుగా పడతాయి. అలా అల్లింది బిర్రుగా ఉండదు, ఒంటిని అంటిపెట్టుకుంటుంది. నా లెక్క వరసకి ఎనభై నాలుగు. అంచు దగ్గర ఒక్క కుట్టు పోయినా లెక్క పోతుంది, రూపం పోతుంది. నేను కుడిచేతి వాటం కాబట్టి ప్రతి వరసా కుడి నుంచి ఎడమకి వెళ్ళి, నా ఎడమ చేతి దగ్గర ముగుస్తుంది. ఆ తర్వాత పనిని తిప్పి పట్టుకుని మళ్ళీ కుడి నుంచి మొదలుపెడతాను.

విప్పేసే అలవాటు మా అమ్మ నేర్పింది. మా పుట్టిల్లు గోదావరి పక్క లేసు అల్లే ఊరు. ఊళ్ళో ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు. వారానికోసారి ఏజెంటు వచ్చి పట్టుకుపోయేవాడు. వంకర కనబడితే అందరి ముందూ ఎత్తి చూపించి వెనక్కి పారేసేవాడు. ఆ పరువు తక్కువ మా అమ్మ భరించేది కాదు. "తప్పు కనబడితే నోరెత్తకుండా విప్పెయ్యి. ఎవళ్ళ కంటా పడనివ్వకు" అనేది. మా ఊళ్ళో మంచి పనిమంతురాలంటే తప్పు చేయనిది కాదు, తప్పు చేసిందని ఎవరికీ తెలియనివ్వనిది.

ఆ ఆదివారం విప్పాక, బుధవారం మళ్ళీ విప్పాను. ఆ తర్వాతి వారం మూడుసార్లు. పనిని తిప్పి చూసుకునేసరికి, కిందటి వరస చివర ఒకటో రెండో కుట్లు ముట్టుకోకుండా మిగిలిపోయి కనబడేవి. వాటిని ఎప్పుడు వదిలేశానో నాకే తెలిసేది కాదు. లెక్క పెట్టుకుంటూ అల్లాను. పైకి అంటూ అల్లాను. అయినా అంతే. పగలంతా అల్లింది సాయంత్రం మా ఆయన వచ్చేలోపు విప్పేసి, ఊలు ఉండ చుట్టి, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. నెల గడిచినా శాలువా ఉన్న చోటే ఉంది.

కళ్ళజోడు పవర్ మారిందనుకున్నాను. షాపులో టెస్ట్ చేసి, "చిన్న తేడానే మేడమ్" అని కొత్త అద్దాలు వేశారు. తేడా ఏమీ రాలేదు. వేరే షాపుకి వెళ్ళి ఇంకో జోడు చేయించుకున్నాను. అట్ట మీది అక్షరాలు చిట్టచివరి లైను దాకా చదివేశాను. "మీ చూపు బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు అతను. బ్రహ్మాండంగా ఉంటే మరి నాకెందుకిలా జరుగుతోంది?

ఈలోగా ఇంకొన్ని మొదలయ్యాయి. గుమ్మం దాటుతుంటే ఎడమ భుజం తలుపుకి తగిలేది. పొద్దున్నే లేచేసరికి తల దిమ్ముగా నొప్పి, పది గంటలకల్లా తగ్గిపోయేది. తిని లేచాక చూస్తే కంచంలో ఒక పక్క కూర అలాగే ఉండేది. "ఏంటే, వంకాయ సయించట్లేదా?" అని మా ఆయన అడిగితే, "నా ఇష్టం, మీకేం?" అని కసిరాను. నాకు భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది. అది నా పుట్టుక గుణం.

ఒకరోజు స్కూటీ మీద ఆటోనగర్ గేటు వైపు వెళుతున్నాను. ఎడమ పక్క నుంచి ఒక ఆటో సరిగ్గా నా ముందు చక్రం దగ్గర తేలింది. ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియలేదు. బ్రేకు వేసి ఆగిపోయాను. ఆటో అతను తల బయటపెట్టి, "అమ్మా! హారన్ కొడతానే ఉన్నాగా! కళ్ళు కనపడట్లేదా?" అని అరిచాడు. బండి పక్కకి తీసి, ఎవరిదో టైర్ల షాపు మెట్ల మీద కూలబడ్డాను. కనపడట్లేదన్న మాట మొదటిసారి పైకి విన్నాను. మా అమ్మకి యాభై దాటాక చూపు మసకబారింది. లేసు కళ్ళు తినేసిందని ఊరంతా అన్నారు. చివరికి తన పెట్టెలో సూదులు తానే తడుముకునేది. నాక్కూడా అదే వచ్చిందని అక్కడ కూర్చుని నిర్ధారణ చేసేసుకున్నాను. గుడ్డిదాన్ని అయిపోతున్నాను, ఎవరికీ చెప్పకూడదు, చెబితే నిజమైపోతుంది. అంతకుమించి బుర్ర పని చేయలేదు. స్కూటీ తోసుకుంటూ ఇంటికొచ్చి, బయటికెళ్ళే పనులన్నీ ఏదో ఒక సాకుతో మానేశాను.

మా ఆయన కనిపెట్టాడు. డాక్టర్లకంటే ముందు కనిపెట్టింది ఆయనే. షెడ్డుకి సెలవైన ఒక రోజు పక్కన కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను వరస ముగించి పనిని తిప్పబోతుంటే పేపరు దించాడు.

"అదేంటి, ఇంకా మూడున్నాయిగా?"

"ఏం మూడు?"

"కుట్లు. అల్లకుండానే తిప్పుతున్నావేంటి?"

"అయిపోయిందండీ. మీకేం తెలుసని?"

ఆయన నా చేతిలోంచి శాలువా తీసుకుని కాస్త కుడివైపుకి జరిపాడు. మూడు కుట్లూ అక్కడే ఉన్నాయి. మళ్ళీ ఎడమవైపుకి జరిపాడు. పోయాయి. మాయ చేసినట్టు పోయాయి. ఆయన లేచి నా ముందు నిలబడి, "నా ముక్కు వైపే చూడు. చేతులు రెండూ ఎత్తాను. ఎన్ని వేళ్ళున్నాయి?" అన్నాడు.

"రెండు."

"ఇంకో చేతివి?"

"ఇంకో చేయి ఎత్తలేదుగా."

ఆయన మొహం నాకింకా గుర్తుంది. ఆ చేయి నా ఎడమ పక్క చెంపకి అరగజం దూరంలో ఊగుతోందట. నేను ఏడుపు మొదలుపెట్టి, నాలుగు నెలల సంగతంతా కక్కేశాను. చెబుతూ చెబుతూనే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ మూడు కుట్ల దాకా విప్పబోయాను. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"విప్పకు."

"తప్పుందండీ దీంట్లో."

"ఉంది కాబట్టే విప్పకు. లారీ షెడ్డుకి తెచ్చేముందు ఇంజను కడిగించుకుని తెస్తారే, వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆయిలు ఎక్కడ కారుతోందో ఆ మరక చూస్తేగా తెలిసేది? మరక కడిగేసి కంప్లైంటు చెప్పమంటే ఎట్లా చెప్తాం? నాలుగు నెలల్నుంచి నువ్వు చేసిందదే." అంటూనే శాలువాను సూదితో సహా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తన సంచిలో వేసుకున్నాడు.

మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఫీల్డ్ టెస్ట్ అని, పక్క చూపు ఎంతుందో చూసే పరీక్ష చేశారు. గడ్డం ఒక స్టాండు మీద ఆనించి, ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నె లాంటి దాంట్లోకి చూడమంటారు. చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి. వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు ఏ దీపమూ రాలేదు. "అమ్మా, నిద్రపోకండి. నొక్కండి" అంది టెస్ట్ చేసే అమ్మాయి. "వెలిగితేగా నొక్కేది" అన్నాను. ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. అప్పుడు అర్థమైంది, దీపాలు వెలుగుతూనే ఉన్నాయని.

రిపోర్టులో కంటికొకటి చొప్పున రెండు గుండ్రాలున్నాయి. రెండింటిలోనూ ఎడమ సగం నల్లగా ఉంది. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసి, "మీ కళ్ళు బాగున్నాయమ్మా. కంట్లో ఏమీ లేదు. కంటి వెనకాల, బ్రెయిన్‌లో ఏదో ఉంది. ఇవాళే ఎమ్మారై చేయించండి. రేపు అనొద్దు" అంది. నాలుగు నెలలుగా గుడ్డితనానికి భయపడ్డాను. ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి, గుడ్డిదాన్ని అయినా పర్లేదు తల్లీ, బతికుంటే చాలు అని దుర్గమ్మకి మొక్కుకుంటున్నాను.

ఎమ్మారై గొట్టంలో కదలకూడదన్నారు. చెవుల దగ్గర డమడమ మోత. అరిచి బయటికి లాగెయ్యమందామనుకున్నాను. ఏం చేయాలో తోచక కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఎనభై నాలుగు రాగానే మనసులోనే పనిని తిప్పి మళ్ళీ ఒకటి. పదకొండు వరసలయ్యాక బయటికి లాగారు.

న్యూరోసర్జన్ నెమ్మదైన మనిషి. స్కాన్ ఫిల్మ్ లైటు మీద పెట్టి చూపించారు. తలలో కుడివైపు వెనకాల, నిమ్మకాయంత తెల్లటి ముద్ద. "మెనింజియోమా అంటారమ్మా. బ్రెయిన్‌లోంచి పుట్టింది కాదు, బ్రెయిన్ పైన ఉండే పొరలోంచి పుట్టింది. ఇవి ఎక్కువగా క్యాన్సర్ కావు. కానీ బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా నేను మాట ఇవ్వను. చుట్టూ వాపు బాగా ఉంది. కుడి పక్క బ్రెయిన్ ఎడమ పక్కని చూస్తుంది. అందుకే మీకు ఆ పక్క పోయింది" అన్నారు.

మా ఆయన సంచిలోంచి శాలువా తీసి బల్ల మీద పరిచాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అంత పెద్ద డాక్టరు ముందు వంకర పని! మా అమ్మ చూస్తే ఏమనేదో. డాక్టరుగారు మాత్రం ఒక్కో వరస చివర వేలు పెట్టి చూశారు. జూనియర్ డాక్టర్లని పిలిచి చూపించారు. "ప్రతి వరసా ఈవిడ ఎడమ చేతి దగ్గరే ఆగిపోయింది, చూశారా? ఇక్కడ ఒకటి, ఇక్కడ రెండు, పైకొచ్చేసరికి మూడు. పెరుగుతోంది." తర్వాత నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"నాలుగు నెలలండీ."

"మిగతావి ఏవి మరి?"

"విప్పేశానండీ."

ఆయన నా కాగితాల మీద 'నాలుగు నెలలు' అని రాసుకున్నారు. ఆ రెండు మాటలు నన్ను వారం రోజులు తిననివ్వలేదు.

"నేను బతుకుతానా అండీ?" అని అడిగాను. "బతుకుతారు. చూపు ఎంత వెనక్కి వస్తుందో మాత్రం ఇప్పుడు చెప్పలేను. ఎడమ చేయి కొంచెం బలహీనం కావచ్చు" అన్నారు. ఎడమ చేయి అనగానే మా ఆయన నా వైపు చూశాడు. ఊలు మెలేసి పట్టేది ఎడమ చేతి వేలే. ఆ చేయి పోతే నాకింక అల్లిక లేదు.

వాపు తగ్గడానికి స్టెరాయిడ్స్, ఫిట్స్ రాకుండా మాత్రలు మొదలుపెట్టి, ఆరో రోజుకి ఆపరేషన్ పెట్టారు. శ్రావణి సెలవు పెట్టి వచ్చేసింది. తల ఒక పక్కే గొరుగుతామన్నారు. "సగం గుండుతో నేను తిరగలేను, మొత్తం తీసెయ్యండి" అన్నాను. థియేటర్‌లోకి తీసుకెళ్ళేముందు మా ఆయన నా చేయి పట్టుకున్నాడు. ఎంత సబ్బు రాసినా పోని గ్రీజు ఆయన గోళ్ళలో ఉంది. "ఏం కాదే" అన్నాడు. ఆయన గొంతు వింటే నాకు ఇంకా భయమేసింది.

కళ్ళు తెరిచేసరికి ఐసీయూలో ఉన్నాను. ముందు నా పేరు చెప్పుకున్నాను. తర్వాత కూతురి పేరు. రెండూ వచ్చాయి. బతికే ఉన్నాననుకున్నాను. గడ్డ మొత్తం వచ్చేసిందని డాక్టర్ చెప్పారు. రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజు పొద్దున శ్రావణి ఇడ్లీ తినిపిస్తోంది. ఎడమ బొటనవేలు దానంతటదే ఎగిరింది. ఆపుదామని చూశాను, ఆగలేదు. వేలి నుంచి చేతికి, చేతి నుంచి భుజానికి పాకింది. నా చేయి నాది కానట్టు కొట్టుకుంటోంది, నేను చూస్తూ ఉన్నాను. "అమ్మా, అమ్మా" అని శ్రావణి అరవడం వినబడింది. ఆ తర్వాత ఏమీ తెలియదు. తెలివొచ్చాక, "ఫిట్స్ వచ్చాయమ్మా. మళ్ళీ సీటీ తీశాం. బ్లీడింగ్ లేదు, వాపే. మందు డోసు పెంచాం" అన్నారు. ఈ మొత్తం జబ్బులో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది ఆ రోజే. కణితి సంగతి ఎవరో చెబితే విన్నాను. ఇది నా కళ్ళారా చూశాను.

బయాప్సీ రిపోర్టుకి పది రోజులు పట్టింది. ఫోన్ మోగినప్పుడల్లా ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. చివరికి "గ్రేడ్ వన్. అంటే క్యాన్సర్ కాదు. రేడియేషన్ అక్కర్లేదు. స్కాన్లు మాత్రం మానకూడదు" అన్నారు. మా ఆయన ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాడే! శ్రావణి వెళ్ళి తీసుకొచ్చింది.

ఇంటికొచ్చాక నా గుండు చూసి వీధిలో వాళ్ళు, "తిరుపతి వెళ్ళొచ్చారా? ప్రసాదం ఏదండీ?" అని అడిగేవాళ్ళు. అవునండీ అనేదాన్ని. విప్పేసి దాచే అలవాటు అంత తొందరగా పోతుందా? వరలక్ష్మిగారు మాత్రం గాటు చూసి కనిపెట్టేసి, నెల రోజులు పొద్దున్నే మజ్జిగ తెచ్చి ఎడమ పక్కన కాకుండా కుడి పక్కన పెట్టి వెళ్ళేవారు.

ఎడమ చేయి మొద్దుబారింది. వేలికి ఊలు చుట్టుకుంటే, అది వేలి మీద ఉందో జారిపోయిందో కళ్ళతో చూస్తే తప్ప తెలిసేది కాదు. నలభై ఏళ్ళుగా వచ్చిన పని, చిన్నపిల్లలు కూడా వేసే చైను, పది వేయలేకపోయాను. ఊలు ఉండ గోడకేసి కొట్టాను. "ఎందుకొచ్చిన బతుకు?" అని అరిచాను. మా ఆయన ఉండ తీసి దుమ్ము దులిపి మళ్ళీ ఒళ్ళో పెట్టాడు. "రీబోరింగ్ చేసిన ఇంజను కొన్నాళ్ళు బిగుసుకునే ఉంటది. లాగకూడదు, మెల్లగా తోలాలి" అన్నాడు. లారీ తప్ప ఇంకో మాట రాదా ఈ మనిషికి అని విసుక్కున్నాను. కానీ రోజుకి పది చైన్లు వేశాను. తర్వాత ఇరవై.

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. "ఎడమ చివర ఏదో ఒకటి ఎర్రగా పెట్టుకోండి ఆంటీ. అది కనబడేదాకా తల తిప్పాలి. కళ్ళు తిప్పితే చాలదు, తల." అన్నం తినే కంచానికి ఎర్ర టేపు, గుమ్మానికి ఎర్ర టేపు. పేపరు చదవాలంటే లైను మొదట్లో ఎర్ర స్కెచ్ పెన్‌తో గీత. బీరువాలోంచి శాలువా తీశాను. మా ఆయన అది ఊడిపోకుండా పిన్నీసు పెట్టి దాచాడు. దాని రెండు అంచులకీ ఎర్ర దారం ముక్కలు కట్టుకున్నాను. పనిని ఎటు తిప్పినా ఎడమ చివర ఒక ఎర్ర ముక్క ఉండాలి. అది కనబడకపోతే వరస అయిపోలేదని లెక్క.

మా ఆయన ఆపబట్టి విప్పకుండా మిగిలిన ఆ వంకర వరసలు తొమ్మిది. ఎనభై నాలుగు ఉండాల్సినవి డెబ్భైకి పడిపోయి, అక్కడ శాలువా నడుము నొక్కేసినట్టుంది. చేతులు దురద పెట్టాయి. ఒక్క కొస పట్టుకుని లాగితే సర్రున వచ్చేస్తాయి, ఐదు నిమిషాల పని. లాగలేదు. దాని మీదే మెల్లగా కుట్లు పెంచుకుంటూ మళ్ళీ ఎనభై నాలుగుకి తెచ్చాను. ఒక్కో వరసకి ఒక్కోసారి గంట పట్టేది.

ఏడాది దాటింది. ఎడమ పక్క కింది భాగం చాలావరకు వెనక్కొచ్చింది. పైభాగం రాలేదు, ఇక రాదన్నారు. స్కూటీ అమ్మేశాం. చేయి తొంభై పాళ్ళు దారిలోకొచ్చింది. మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటున్నాను. స్కాన్ దగ్గరపడుతుంటే వారం ముందు నుంచి ఇప్పటికీ అన్నం సయించదు, అందరి మీదా అరుస్తాను. మొన్నటి చెకప్‌లో ధైర్యం చేసి అడిగాను. "ఆ నాలుగు నెలలు ముందొచ్చి ఉంటే నాకు మొత్తం చూపు మిగిలేదా అండీ?" సర్జన్‌గారు, "ఖచ్చితంగా చెప్పలేనమ్మా. వాపు మాత్రం అంత ఉండేది కాదు" అన్నారు. అది ఆయన దయతో అన్న మాట. అసలు మాటేదో నాకు తెలుసు.

శాలువా కిందటి నెల పూర్తయింది. శ్రావణి కప్పుకుని అద్దంలో చూసుకుంటూ, ఆ నొక్కుడు దగ్గర వేలు పెట్టి, "అమ్మా, ఇక్కడ వంకరగా ఉంది. నీ పనిలాగే లేదు. విప్పి మళ్ళీ అల్లొచ్చుగా?" అంది.

"దాన్ని ముట్టుకున్నావంటే చేయి విరగ్గొడతా" అన్నాను.

మీకు నేను చెప్పేది ఒక్కటే. అల్లికే కానక్కర్లేదు, ముగ్గు వేయడం కావచ్చు, చపాతీ ఒత్తడం, సంతకం పెట్టడం కావచ్చు. ఏళ్ళుగా చేస్తున్న పని ఒకే చోట ఒకేలా తప్పుతుంటే సిగ్గుపడి చెరిపేయకండి. ఆ తప్పుని ఉన్నదున్నట్టు సంచిలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తేలేకపోతే ఫోన్లో ఫోటో తీసుకెళ్ళండి. కళ్ళజోడు మార్చినా తగ్గకపోతే, ఫీల్డ్ టెస్ట్ చేస్తారా అని మీరే నోరు తెరిచి అడగండి.

ఇంటికొచ్చినప్పుడల్లా శ్రావణి నాకు కనబడాలని కుడి పక్కన కూర్చుంటుంది. నేను ఒప్పుకోను, తల తిప్పే అలవాటు పోకూడదని ఎడమ పక్కకి పొమ్మంటాను. ఆ శాలువా కప్పుకుని వెళ్ళి అటు కూర్చుంటుంది. తిన్నగా చూస్తుంటే పిల్ల అటు ఉన్నట్టే తెలియదు నాకు. రంగులు కనబడేదాకా తల తిప్పుతాను.